కూరగిన్నెతో వాకింగ్

నాకు నడక అంటే అసహ్యం. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు. పొద్దున్నే నడిస్తే మనసు తేలికపడుతుంది, చల్లగాలి, పక్షుల కూతలు అని రాసేవాళ్లంతా నడవడం మానేశాక రాసినవాళ్లేనని నా అనుమానం. నడుస్తున్న మనిషికి ఎంతసేపయింది, ఇంకా ఎంతసేపు అనే రెండు ఆలోచనలు తప్ప మూడోది రాదు. నాకైతే రాలేదు.

నాది కూర్చుని చేసే పని. ఎక్కడో ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలను విని, టైపు చేసి పంపాలి. ఈ మధ్య కంప్యూటరే సగం టైపు చేసి ఇస్తోంది, దాని తప్పులు దిద్దడం నా వంతు. సొంతంగా టైపు చేసే రోజుల్లో కనీసం వేళ్లయినా కదిలేవి. ఇప్పుడు ఉదయం తొమ్మిదికి కుర్చీలో కూలబడితే పొద్దుగూకేదాకా చెవుల్లో ఎవరివో రోగాలు, కళ్ల ముందు అక్షరాలు. వంటింటికి రెండుసార్లు, బాత్‌రూమ్‌కు నాలుగుసార్లు, అంతే నా ప్రయాణం.

మా ఆయన పోయి నాలుగేళ్లయింది. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవారు. ఆయన పోయాక క్వార్టర్స్ ఖాళీ చేసి, నాయుడుపేట నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డులో, ఇంటర్నెట్ తీగ ఆగిపోయే చివరి ఊళ్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పిల్లలు లేరు. ఆదివారం చర్చికి వెళితే నలుగురు పలకరిస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా నన్ను పేరు పెట్టి పిలిచేది గ్యాస్ బండ తెచ్చే మనిషి ఒక్కడే, అదీ బండ వచ్చిన రోజున.

నాయుడుపేటలో డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కాగితంలో ఉన్న మాటలన్నీ నేను వేలసార్లు టైపు చేసినవే. నా పేరు కింద కనిపించేసరికి ఏదో కొత్త భాషలా ఉంది. "రోజూ ముప్పావుగంట నడవండి. మూడు నెలలు చూద్దాం. చక్కెర దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పదు. సూది మొదలుపెడితే ఒక్కోసారి చక్కెర మరీ పడిపోతుంది, కళ్లు తిరిగి పడిపోతారు. ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఎవరుంటారమ్మా?" అన్నాడు.

"ఉన్నారండీ" అన్నాను.

ఎవరని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. బస్సులో తిరిగి వస్తుంటే నేను టైపు చేసిన ఒక వాక్యం పదేపదే గుర్తుకొచ్చింది. ఒంటరిగా నివసించే స్త్రీ, ఇంట్లో స్పృహ తప్పి ఉండగా మరుసటి రోజు ఇరుగుపొరుగువారు గుర్తించారు. అలాంటివి ఎన్నో టైపు చేశాను. వాటిలో కామాలు సరిచూశానే గానీ, ఆ మరుసటి రోజు అన్న మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. సూది అంటే నొప్పి కాదు నా భయం. పడిపోతే ఎవరికి ఎప్పుడు తెలుస్తుందన్నదే.

అందుకని నడక మొదలుపెట్టాను. విసుగు మొదటి రోజే, మొదటి పది నిమిషాల్లోనే పట్టుకుంది. మా ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారి ఒక్కటే. ఒక పక్క సరుగుడు తోట, ఇంకో పక్క రొయ్యల గుంటలు. తోటలో ఏ చెట్టు చూసినా పక్క చెట్టులాగే ఉంటుంది. గుంటల మాట అడగనే వద్దు.

విసుగు పోవడానికి జనం చెప్పినవన్నీ చేశాను. చెవుల్లో పాటలు పెట్టుకుని నడవమన్నారు. రోజంతా చెవుల్లో గొంతులు మోసే మనిషికి అది శిక్ష. రెండో పాట కాకముందే చెవులు నొప్పి పుట్టి తీసి పారేశాను. అడుగులు లెక్కపెట్టే వాచీ కొన్నాను. వారం తిరక్కుండానే కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపితే కూడా అది అడుగులు లెక్కేస్తుందని కనిపెట్టాను. ఒక సాయంత్రం సీరియల్ చూస్తూ చెయ్యి ఊపి, నేను నడవాల్సిన అడుగులన్నీ పూర్తిచేశాను. వాచీ నన్ను మెచ్చుకుంది కూడా. ఆ రాత్రి నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ తిరిగి చూశాను. నాలుగు కుర్చీల బల్ల అది. తిరుగుతున్నకొద్దీ ఆ ఖాళీ కుర్చీలే కళ్లలో పడేవి, అది కూడా మానేశాను.

దీనికితోడు ఊళ్లో వాళ్ల ప్రశ్న ఒకటి. మా వైపు పొద్దున్నే ఎదురుపడిన మనిషిని ఎక్కడికి అని అడగకుండా ఎవరూ దాటిపోరు.

"యాడికక్కా పొద్దున్నే?"

"వాకింగ్‌కి."

"వాకింగ్ సరే, పోయేది యాడికి అని?"

ఎక్కడికీ కాదు అని చెప్పడం అంత తేలిక కాదు. సరుగుడు తోట చివరిదాకా పోయి ఊరికే తిరిగొస్తానంటే ఒకామె నా మొహంలోకి జాలిగా చూసి, ఏమైనా మొక్కుబడా అని అడిగింది. మా క్రైస్తవులకు అట్లాంటి మొక్కులు లేవని చెప్పేసరికి ఇంకా జాలిపడింది. విసిగిపోయి మరుసటి రోజు నుంచి చేతిలో గుడ్డసంచీ ఒకటి పట్టుకుని బయలుదేరాను. అంతే, ఎవరూ అడగలేదు. సంచీ ఉంటే ఏదో పని మీద పోతున్నట్టు. ఖాళీ సంచీతో పోయి ఖాళీ సంచీతో వచ్చేదాన్ని.

ఆ సంచీ చూసే మా పక్కింటి ఆవిడ గోడ మీంచి పిలిచింది. నాకంటే ఐదారేళ్లు చిన్నది. పలకరింపు తప్ప అప్పటికి మా మధ్య పెద్ద స్నేహం లేదు.

"అక్కా, సముద్రం దోవన పోతుండావు గదా. పాళెంలో మా పెద్దమ్మ ఉండాది. కంటి ఆపరేషన్ చేసినారు. నెలరోజులు పొయ్యి కాడికి పోవద్దన్నారు. ఈ కూరాకు గిన్నె ఆమెకిచ్చేసి పోతావా? అన్నం అయితే పక్కింటోళ్లు పెడతారు."

ఇచ్చేసి రావడానికి నాకేం అభ్యంతరం. గిన్నెను సంచీలో పెట్టుకున్నాను. వంకాయ కూర, ఇంకా వేడిగా ఉంది. ఆ రోజు నడకలో మొదటిసారి నాకు టైము చూడాలని తోచలేదు. ఒలికిపోకుండా చూసుకోవడంతోనే సరిపోయింది.

పాళెం అంటే జాలర్ల ఊరు, మా ఊరికి రెండు కిలోమీటర్లు. పెద్దమ్మ ఇల్లు రోడ్డు పక్కనే, ముందు పొడవాటి సిమెంటు అరుగు. డెబ్బై ఏళ్లుంటాయి. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ, రెండో కన్ను కూడా అంతంతమాత్రమే. వయసులో ఉన్నప్పుడు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, ఆమెకూ పిల్లలు లేరు. నేను ఎవరో, ఎందుకొచ్చానో విని నవ్వింది.

"ఒట్టి చేతుల్తో నడిచేదానికి డాక్టరు చెప్పాల్నా? గంప నెత్తిన పెట్టుకోని పోతే కాలే తెల్దు మాకు. కూర్చో. దోవలో ఏం చూసినావు?"

నేను తడబడ్డాను. ఏమీ చూడలేదని చెప్పాను. "కళ్లు రెండూ బాగుండి ఏమీ చూడలేదా" అంది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. నాకు సిగ్గేసింది.

మరుసటి రోజు ఆమెకు చెప్పడానికి చూశాను. మూడో గుంటలో నీళ్లు చిలికే చక్రాలు తిరగడం లేదని చెప్పాను. అయితే ఆ గుంటలో రొయ్యలు పట్టేసి ఉంటారని ఆమె తేల్చింది. సరుగుడు తోటలో ఒక వరస నరికి కట్టలు కట్టారని చెప్తే, ఎన్ని కట్టలో అడిగింది. మళ్లీ వచ్చేటప్పుడు లెక్కపెట్టాను. కాలవ దగ్గర గూడబాతులు దిగాయంటే, కనపడకపోయినా మొహం అటు తిప్పి కూర్చుంది. పోయేటప్పుడు ఏం చెప్పాలా అని చూసుకుంటూ పోవడం, వచ్చేటప్పుడు ఆమె అన్నవి నెమరేసుకుంటూ రావడం. ముప్పావుగంట నడక గంట దాటిపోతున్నా నాకు తెలిసేది కాదు. విసుగుకి ఇంత సులువైన మందు ఉందని ఎవరూ నాకు చెప్పలేదు. చూసింది చెప్పుకోవడానికి చివర్లో ఒక మనిషి ఉండాలి, అంతే.

నెల తిరిగింది, కంటి కట్టు విప్పారు. అక్కడితో నా పని అయిపోవాలి. కానీ మా వైపు ఇంకొకరి గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. ఏదో ఒకటి వేసి పంపాలి. పెద్దమ్మ ఒక రోజు మునగాకు వేసేది, ఒక రోజు గుప్పెడు ఎండురొయ్యలు. ఇంట్లో ఏమీ లేని రోజు చిన్న బెల్లంముక్క. ఆ గిన్నెలో ఏదో వచ్చింది కాబట్టి మా పక్కింటావిడ మరుసటి రోజు ఇంకేదో చేసి పంపేది. పెద్దమ్మ మళ్లీ ఏదో వేసేది. ఇక ఆగడమన్నది లేదు. మధ్యలో నేను. రెండో నెల పరీక్షలో చక్కెర దిగింది. డాక్టరు ఇలాగే కానివ్వండి అన్నాడు. ఒక ముసలమ్మకు ఇంత ఉపకారం చేస్తున్నాను, దేవుడు ఆ మాత్రం నాకు చేయడా అని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం ఒక శనివారం పొద్దున దిగిపోయింది. నేను పెద్దమ్మ ఇంటికి ఇంకా నాలుగడుగులు ఉండగా, వెనకనుంచి మోటారుబండి వచ్చి ఆగింది. మా పక్కింటావిడ భర్త. రొయ్యల గుంటల మీద కాపలా పని ఆయనది. నేను నిద్రలేవక ముందే పనికి పోతాడు కాబట్టి పొద్దునపూట ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు బండి పంక్చరై ఆలస్యమైందట.

"మీరు రోజూ ఈ దోవనేనా పోయేది?" అన్నాను.

"అవునక్కా, మా గుంటలు ఈ పాళెం దాటినాకనే గదా."

"మరి ఈ గిన్నె మీరే తెచ్చిచ్చేయొచ్చుగా?"

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "ఏమో అక్కా. నీ చేతికే ఇస్తానంటాది మా ఆమె. నువ్వు నడవాలంట గదా" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

రోడ్డు మీద నిలబడిపోయాను. తల కొట్టేసినట్టయింది. అంటే ఇది ఉపకారమే, కాకపోతే చేసింది నేను కాదు. పక్కింట్లో ఒక ఒంటరి ఆడమనిషి ఖాళీ సంచీ పట్టుకుని రోడ్డున పడి తిరుగుతుంటే చూడలేక, పాపం, ఒక గిన్నె చేతిలో పెట్టారు. రెండు నెలలుగా వాళ్ల ఇంట్లో నా గురించి ఏం మాట్లాడుకుని ఉంటారో ఊహించుకున్నాను. పెద్దమ్మకు గిన్నె అందించి, పనుందని చెప్పి, కూర్చోకుండా వచ్చేశాను. ఆమె ఏదో అడగబోయింది. వినిపించుకోలేదు. ఆమె తిరిగిచ్చిన ముందురోజు గిన్నెను పక్కింటి గోడ మీద పెట్టి, పిలవకుండానే లోపలికి పోయాను.

ఆదివారం ఎటూ చర్చి. సోమవారం పక్కింటావిడ గోడ మీంచి పిలిస్తే, పని ఎక్కువైంది, ఇక నడవడం కుదరదన్నాను. ఆవిడ నా మొహం చూసి, గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మళ్లీ కుర్చీ, మళ్లీ చెవుల్లో గొంతులు. సాయంత్రాలు బల్ల చుట్టూ తిరగబోయి మూడు చుట్లకే కూర్చుండిపోయాను. ఆరో రోజున వేలు పొడుచుకుని చూసుకుంటే చక్కెర మళ్లీ ఎక్కింది. నాకే నష్టమని తెలుసు. తెలిసీ మొండికేశాను. జాలిపడి ఇచ్చిన గిన్నె మోయడం కన్నా సూదే నయమనుకున్నాను. ఇంత వయసొచ్చినా నా కోపానికి మాత్రం బుద్ధి రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పక్కింటావిడ గోడ దగ్గరికి కాదు, గుమ్మం దగ్గరికే వచ్చింది. చేతిలో ఆ స్టీలు గిన్నె.

"అక్కా, ఈ వారం మా ఆయన చేతనే పంపించినా. మూడు రోజులు బాగనే తీసుకునింది. ఆ తర్వాత నుంచి కూరాకు వద్దంటాది. నిన్న గిన్నె కడిగి తిప్పి పంపించింది. ఖాళీగా." మూత తీసి చూపించింది. "మా పెద్దమ్మ ఖాళీ గిన్నె పంపడం నేను పుట్టినాక చూళ్లేదు. మా మీద కోపమొచ్చిందేమో తెల్దు. ఏం చేసినామో తెల్దు. ఒక్కసారి నువ్వు పోయి అడుగుతావా?"

ఆ గిన్నె అడుగున మెరుపు తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఏమీ లేని రోజున కూడా బెల్లంముక్క వెతికి వేసిన మనిషి. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. నేను కంప్యూటరు ఆపి, చెప్పులు వేసుకున్నాను.

పెద్దమ్మ అరుగు మీదే ఉంది. తల దువ్వి కొప్పు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని. నన్ను చూసి కూర్చోమనలేదు. దోవలో ఏం చూశావని అడగలేదు. నేనే అరుగు చివర కూర్చుని, కూర వద్దన్నావట ఎందుకని అడిగాను.

"కూరాకు కోసమా నేను కూర్చోనుండేది?" అంది. "ఆయన బండి కూడా ఆపడు. గిన్నె ఈడ పెట్టేది, ఆ పక్కకు పోయేది. కూరాకు నాకు ఎవురైనా పెడతారు. పాళెమంతా నా వాళ్లే గదా."

"మరి నన్నెందుకు తిప్పారు పెద్దమ్మా? ఆయన రోజూ ఈ దోవనే వస్తాడంట. నా మీద జాలిపడి నా చేత మోయించారు."

ఆమె నావైపు తిరిగింది. ఆపరేషన్ చేసిన కన్ను ఇప్పుడు శుభ్రంగా చూస్తోంది.

"ఎవురు చెప్పినారు నీకు జాలి అని? ఆపరేషన్ అయినాక మొదటి రెండు రోజులు ఆయనే తెచ్చినాడు. నాకు కన్ను కనపడదు, మాట్లాడేదానికి మనిషి లేదు. పిచ్చెక్కింది నాకు. మీ పక్కింట్లో ఒకామె ఊరికే ఈ దోవన నడస్తాదంట గదా, ఆమె చేత పంపించు, కాసేపు కూర్చుంటాది అని నేనే మా చెల్లెలి బిడ్డకి చెప్పినా. నీ కోసం కాదు మే. నా కోసం."

తొమ్మిది రోజులుగా మనసులో కట్టుకున్న కోపమంతా ఆ అరుగు మీదే కూలిపోయింది. దాని కింద ఉన్నది ఏమిటో అప్పుడు కనిపించింది. నన్ను చూసి జాలిపడ్డారని కాదు నా ఏడుపు. నేను ఎవరికైనా కావాల్సిన మనిషినని నమ్మడం నాలుగేళ్ల కిందటే మానేశాను. అందుకే పక్కింటాయన నవ్వులో, ఆ గిన్నెలో, అన్నిట్లోనూ నాకు జాలి మాత్రమే కనిపించింది.

"తప్పయింది పెద్దమ్మా" అన్నాను.

"తప్పు సంగతి అట్టుంచు. ఆదివారం మీ చర్చికి పోతానని ముందే చెప్పినావు, బాగుండాది. సోమవారానికి ఏం చెప్పినావు? మంగళవారానికి ఏం చెప్పినావు? రోజూ పొద్దున్నే లేసి తల దువ్వుకోని ఈడ కూర్చుంటి. ఒంటి మనిషివి, తలుపు లోపల గడియ పెట్టుకోని ఇంట్లో పడిపోయినావేమో అని మా అమ్మాయికి మూడుసార్లు ఫోన్ చేయించినా. బాగనే ఉందిలే, పనంట అనింది. పని ఉంటే పోనీ. నాకు చెప్పేదానికేం?"

చెప్పాల్సిందే అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

"ఇంక మీదట రావాలంటే రా, లేదంటే మానుకో. రాని రోజు మాత్రం రానని ముందే చెప్పి పో."

సరేనన్నాను. నేను రాకపోతే ముందుగా చెప్పి తీరాల్సిన మనిషి ఒకరు, మా ఆయన పోయిన తర్వాత మళ్లీ ఆ పొద్దున నాకు దొరికారు.